ఎక్కడ తాకినా కమిషనరు గారే

చిలకలగట్టులో కాలవలు పారవు, కుళాయిలు పారవు. మున్సిపల్ కమిషనరు మృత్యుంజయరావు గారి బుర్ర ఒక్కటే పారుతుంది. అది పారినప్పుడల్లా ఊళ్లో ఎవడో ఒకడు మునుగుతాడు. ఈసారి మునిగినవాడు పరిశుద్ధరావు. పాత బస్టాండు మూల మీద, మూతబడిన సినిమాహాలు గోడ పక్కన, పిడత కింద పప్పు అమ్ముకుంటాడు.

తినని దురదృష్టవంతుల కోసం చెప్పాలంటే, బండి మీద మరమరాలూ వేయించిన పప్పులూ రాశిగా పోసి, ఆ రాశి నడినెత్తిన నిప్పులు నింపిన మట్టిపిడతని కూర్చోబెడతారు. ఆ సెగకి కింద ఉన్నదంతా కరకరలాడుతూ ఉంటుంది. అడిగినవాడికి దోసెడు తీసి, ఉల్లిపాయ ముక్కలూ ఉప్పూ కారం చల్లి, నిమ్మకాయ పిండి, కాగితం పొట్లంలో పోసి ఇస్తారు. అంతే విద్య. ఏడో తరగతిలో బడి వదిలేసిన పరిశుద్ధరావుకి ఆ విద్యే ఇన్నాళ్లూ అన్నం పెట్టింది.

అన్నం పెట్టిన మూలే అతనికి నిద్ర కూడా లేకుండా చేసింది. మున్సిపాలిటీ లారీ ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిందంటే బండి ఎత్తుకుపోతుంది, పిడత పగిలిపోతుంది, పప్పు రోడ్డు పాలవుతుంది. మళ్లీ ఆఫీసు చుట్టూ తిరిగి, కనబడినవాడికల్లా దణ్ణం పెట్టి బండి విడిపించుకోవాలి. అందుకే బస్టాండు చుట్టూ తెల్లరంగుతో గళ్లు గీసి, బళ్లవాళ్లకి అధికారికంగా ఇస్తామని మున్సిపాలిటీ వాళ్లు టముకు వేయించగానే అందరికంటే ముందు అర్జీ పెట్టాడు. తన మూల మీదే ఒక గడి పడింది. ఆ గడి తనకి వస్తే లారీ ఇక తన జోలికి రాదు.

అతని భార్య సువార్త ఒకరోజు వచ్చి ఆ గీతలు చూసి పెదవి విరిచింది. "చిన్నప్పుడు మేం తొక్కుడుబిళ్ల ఆడిన గడి ఇంతకంటే పెద్దదయ్యా."

"చిన్నదైతేనేం? అందులో నిలబడితే మనల్నెవడూ కదపడు. అది చాలు."

సోమవారం పొద్దున ఫోనులో మెసేజీ వచ్చింది. "మీకు గడి కేటాయించబడినది. క్రింది లింకును తాకి, శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపు అంగీకారము తెలుపవలెను. తెలుపని యెడల సదరు గడి తదుపరి అర్జీదారునకు దఖలు పడును."

తదుపరి అర్జీదారు ఎవరో ఊరందరికీ తెలుసు. కౌన్సిలర్ గారి బామ్మర్ది కిశోర్. ఆ మూల మీద మోమోల బండి పెట్టాలని సరదా పడుతున్నాడు. మోమో అంటే ఉడికీ ఉడకని కుడుముకి పట్నంవాళ్లు పెట్టిన పేరని పరిశుద్ధరావు అభిప్రాయం.

పక్కన గాజుల బండి మస్తాన్‌బీకి కూడా అదే మెసేజీ వచ్చింది. ఆమె వెంటనే లింకు నొక్కింది. ఒక పేజీ వచ్చింది. అందులో "అంగీకరిస్తున్నాను" అని ఒకటే బొత్తాం. అదీ నొక్కింది. "ధన్యవాదములు" అని వచ్చింది. అయిపోయింది.

"నువ్వూ నొక్కెయ్ అన్నా, ఓ పనైపోద్ది."

"చేతులకి కారం ఉందమ్మా. బేరం తగ్గాక నొక్కుతాలే. శుక్రవారం దాకా టైముందిగా."

మనిషన్నాక అలాగే అనుకుంటాడు. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య ఒక మున్సిపాలిటీ ఉంటుందని ఎవరనుకుంటారు?

ఆ మధ్యాహ్నం ఆఫీసులో జరిగిన సంగతంతా పరిశుద్ధరావుకి తర్వాత అటెండరు ఏడుకొండలు చెప్పాడు. ఏడుకొండలు రోజూ బండి దగ్గరకొచ్చి ఒక పొట్లం తిని, రెండు పొట్లాలకి సరిపడా కబుర్లు చెప్పిపోతాడు.

రాష్ట్ర కార్యాలయం నుంచి కమిషనరు గారికి ఒక ఉత్తరం వచ్చిందట. ప్రతి ఊరి యాపూ నెలకి ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కగట్టి ఊళ్లకి ర్యాంకులు ఇస్తారట. చిలకలగట్టుకీ ఒక యాప్ ఉంది. పేరు "చేతిలో చిలకలగట్టు". తెరిస్తే కమిషనరు గారు రెండు చేతులూ జోడించి దణ్ణం పెడుతున్న ఫొటో, కింద "మీ సేవలో", వెనకాల సన్నాయి. ఆ యాప్‌ని అప్పటిదాకా తెరిచింది ఇద్దరు. ఒకరు కమిషనరు గారు, రెండోవారు వారి శ్రీమతి.

కమిషనరు గారు సిబ్బందిని సమావేశపరిచి, కన్సల్టెంట్ నిశాంత్‌ని కారణం అడిగారు. నిశాంత్‌ది ఉడుకు రక్తం, ఉన్నమాట చెప్పేశాడు.

"జనం వెబ్‌సైట్‌కి వెళ్తున్నారు సార్. మనం మెసేజీలో లింకు పంపిస్తాం. వాళ్లు నొక్కుతారు, పేజీ వస్తుంది, పని చేసుకుని వెళ్లిపోతారు."

"పని అయిపోతోందన్నమాట," అన్నారు కమిషనరు గారు దిగులుగా.

"అవున్సార్."

"దాన్ని ఆపే మార్గమే లేదా?"

ఉందన్నాడు నిశాంత్. లింకు నొక్కితే పేజీకి బదులు యాపే తెరుచుకునేలా చేయొచ్చు. దానికి రెండు వైపులా ఒప్పుదల కావాలి. ఫలానా యాప్ మాదే అని వెబ్‌సైట్ ఒక చీటీ పెట్టుకోవాలి. ఫలానా లింకులు మావే అని యాప్ చెప్పుకోవాలి. ఫోను రెండిటినీ సరిచూసుకుని, సరే మీరూ మీరూ ఒకటేగా అని యాప్ తెరుస్తుంది. యాప్ లేని ఫోనైతే, పేజీకి బదులు ముందు యాప్ దించుకోమంటుంది.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ ఆఫీసులో వెబ్‌సైట్ ఒక సెక్షను, యాప్ ఇంకో సెక్షను. వెబ్ సెక్షను సూపరింటెండెంట్ గోవర్ధనాచారి గారు, యాప్ సెక్షను సూపరింటెండెంట్ కనకవల్లి గారు ఒకే హాల్లో వీపుకి వీపు పెట్టి కూర్చుంటారు. మధ్యలో ఒక బీరువా. ఫ్యాను ఎవరి వైపు తిరగాలన్న విషయంలో మాటలు పోయి చాలా కాలమైంది.

"యాప్ వారు మమ్మల్ని కోరినట్లు ముందుగా లేఖ ఇచ్చినచో, గుర్తింపు విషయం పరిశీలించగలము," అన్నారు ఆచారి గారు గోడకేసి చూస్తూ.

"మాది అని వెబ్ వారు ముందుగా గుర్తించనిదే మేము కోరుటకు నిబంధనలు అంగీకరించవు," అన్నారు కనకవల్లి గారు కిటికీకేసి చూస్తూ.

కమిషనరు గారు పంచాంగం తెప్పించారు. మూడుంబావుకి మంచి ఘడియ ఉంది. తన బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టించి, ఇద్దరిచేతా ఒకే క్షణంలో సంతకాలు చేయించారు. ఏడుకొండలు అక్షింతలు వెయ్యబోతే వారించారు గానీ, వారికీ ముచ్చటగానే ఉందట.

ఇక ఏ ఏ లింకులు అన్న ప్రశ్న వచ్చింది. ఒక్కొక్క లింకూ విడిగా రాద్దామన్నాడు నిశాంత్. ఇంటిపన్ను లింకు వేరు, జననపత్రం లింకు వేరు, బళ్ల గళ్ల లింకు వేరు. ఒక్కోదానికీ యాప్‌లో ఒక్కో గది కట్టాలి, నొక్కినవాడు నేరుగా తన గదికి వెళ్లాలి.

"ఒక్కో లింకుకీ ఒక్కో ఫైలు. ఒక్కో ఫైలుకీ ఒక్కో నోటు. నోటుకి అయిదు సంతకాలు," అన్నారు ఆచారి గారు. "ఆ పని నేను రిటైరయ్యే లోపల తెమలదు."

"అయితే యావత్తూ అని రాయండి," అన్నారు కమిషనరు గారు.

యావత్తూ అని రాశారు. మున్సిపాలిటీ లింకు ఏదైనా సరే, తాకితే యాపే.

"మరి లోపల గదులు సార్?" అన్నాడు నిశాంత్.

"రెండో దశలో చూద్దాం. ముందు గుమ్మం తెరుచుకోనియ్యవయ్యా."

ఇల్లు కట్టకుండా గుమ్మం ఎత్తారు. ఎత్తి మామిడాకుల తోరణం కట్టారు. "స్పర్శ ప్రవేశ విధానము" అని దానికి పేరు పెట్టారు.

సాయంత్రం బేరం పలచబడ్డాక పరిశుద్ధరావు చేతులు శుభ్రంగా కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, లింకు నొక్కాడు. యాప్ లేదు దించుకోమంది ఫోను. దించుకుందామంటే చోటు లేదంది. పెళ్లి వీడియో ఒకటి, క్రిస్మస్ నాటి పాటలు కొన్ని తీసేస్తే చోటిచ్చింది. మళ్లీ నొక్కాడు. సన్నాయి మోగింది. కమిషనరు గారు దణ్ణం పెట్టారు.

పరిశుద్ధరావు కాసేపు చూశాడు. ఆయన చేతులు దించలేదు. బొత్తాం ఎక్కడా లేదు. వెనక్కి వచ్చి మళ్లీ నొక్కాడు. సన్నాయి, దణ్ణం.

"నాకు పొద్దున పేజీ వచ్చిందన్నా," అంది మస్తాన్‌బీ. "ఈయన రాలేదు."

"నీ అదృష్టం."

"గట్టిగా నొక్కు."

గట్టిగా నొక్కాడు. కమిషనరు గారు గట్టిగా ఏమీ పెట్టలేదు, అదే దణ్ణం.

మంగళవారం పొద్దున్నే బండి సువార్తకి అప్పగించి ఆఫీసుకి వెళ్లాడు. గోవర్ధనాచారి గారు కళ్లజోడు పైనుంచి చూసి, విషయం సాంతం విన్నారు. వినడంలో ఆయనకి మంచి పేరుంది.

"లింకు మాదే," అన్నారు. "అందులో సందేహం లేదు. కానీ తాకిన తర్వాత అది యాప్ పరిధిలోకి వెళ్లిపోతుంది. అత్తారింటికి వెళ్లిన పిల్ల మీద మాకేం అధికారం ఉంటుంది?"

పరిశుద్ధరావు బీరువా చుట్టూ తిరిగి అటువైపు వెళ్లాడు.

"యాప్ తెరుచుకుందా లేదా?" అడిగారు కనకవల్లి గారు.

"తెరుచుకుందమ్మా."

"మరి సమస్యేమిటి?"

"లోపల నా గడి లేదమ్మా. సారొక్కరే ఉన్నారు."

"తెరిపించుట మా విధి. లోపల ఉండవలసిన విషయం వెబ్ వారిది. వారినడగండి."

"వారే తమర్ని అడగమన్నారు."

"వారు అలాగే అంటారు," అని ఆమె ఫ్యానుకేసి చూశారు.

పరిశుద్ధరావు మళ్లీ బీరువా చుట్టూ తిరిగాడు. "అయ్యా, పోనీ ఒక తెల్లకాగితం ఇప్పించండి. నాకు ఒప్పుదలే అని రాసి సంతకం పెట్టిపోతాను."

ఆచారి గారు నొచ్చుకున్నారు. "కాగితమా? నిన్ననే కదయ్యా ఊరు ముందుకెళ్లింది. పౌరుల దగ్గర కాగితం తీసుకోవడం నిన్నటినుంచి నిషేధం. నీకు ఇబ్బందిగా ఉంటే ఫిర్యాదు చేసుకో. దానికీ లింకుంది."

చేసుకుందామని ఫిర్యాదు లింకు నొక్కాడు. సన్నాయి మోగింది.

"ఇదీ యాపే తెరుస్తోందండీ."

"యావత్తూ అని రాశాం గదా," అన్నారు ఆచారి గారు. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

ఆ పూట నిశాంత్ ఒక్కడే అతనికి మనిషిలా కనబడ్డాడు. వరండాలో ఆపి చెబితే, ఫోను తీసుకుని చూసి, తల గోక్కున్నాడు. "ఇది చిన్న పనే అంకుల్. ఆ లింకుని యావత్తులోంచి తప్పిస్తే పాత పేజీ వచ్చేస్తుంది. ఇప్పుడే సార్‌కి చెప్తా." చెప్పడానికి లోపలికి వెళ్లాడు. పరిశుద్ధరావు తలుపు బయట నిలబడ్డాడు. తలుపు సగమే మూసుకుంటుంది గనుక మాటలన్నీ వినబడ్డాయి.

"నిన్న సాయంత్రం నుంచి ఎన్నిసార్లు తెరుచుకుందో తెలుసా?" అంటున్నారు కమిషనరు గారు. "ఆర్నెల్లలో నేనూ మా ఆవిడా కలిసి తెరిచినదానికి వందరెట్లు. జనం తెరుస్తున్నారు, మూస్తున్నారు, మళ్లీ తెరుస్తున్నారు. మనల్ని విడిచి ఉండలేకపోతున్నారయ్యా."

"పని అవ్వక మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు సార్. ఒక్క మార్పు చేస్తే నొక్కిన మొదటిసారే పని అయిపోతుంది."

"అప్పుడు ఎన్నిసార్లు తెరుస్తారు?"

"ఒక్కసారే సార్."

లోపల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"నువ్వు ఈ ఊరి శ్రేయస్సు కోరేవాడివేనా?" అన్నారు కమిషనరు గారు.

నిశాంత్ బయటికి వచ్చాడు. పరిశుద్ధరావు మొహంలోకి చూడకుండా, "రెండో దశలో చేస్తారట అంకుల్" అని మెట్లు దిగిపోయాడు. ఉడుకు రక్తం ఎంతసేపు ఉడుకుతుంది, జీతం చల్లనిది.

బుధవారం కమిషనరు గారి బుర్ర మళ్లీ పారింది. లింకులు తాకినవాళ్లకే యాప్ ఎందుకు చూపించాలి? ఆఫీసుకి వచ్చి తలుపు తాకినవాడు మాత్రం పౌరుడు కాడా? మధ్యాహ్నానికి ఉత్తర్వు గోడకెక్కింది.

"పౌరుడు దేనిని తాకి సేవను కోరునో అదియే లింకు. కావున పౌరుడు కార్యాలయపు తలుపును, బల్లను, కిటికీని లేక సిబ్బందిని తాకినను, పిలిచినను లింకును తాకినట్లే భావించి, సదరు సిబ్బంది తక్షణమే తమ ఫోనునందు యాప్‌ను తెరిచి పౌరునకు చూపవలెను. నోటితో బదులు చెప్పుట వెబ్‌సైట్‌తో సమానము గనుక నిషేధింపబడినది."

పరిశుద్ధరావు ఆ సాయంత్రం వెళ్లేసరికి హాలంతా సన్నాయిల మోతగా ఉంది. పెళ్లిళ్ల సీజనులో కళ్యాణమండపాల వీధి కూడా అలా ఉండదు. జననపత్రం కోసం వచ్చిన ఒక పెద్దాయన ఆచారి గారి బల్ల మీద తట్టాడు. ఆచారి గారు పెదవి కదపకుండా ఫోను ఎత్తి కమిషనరు గారి దణ్ణం చూపించారు. పెద్దాయన పాతకాలం మనిషి, తిరిగి దణ్ణం పెట్టాడు. మళ్లీ తట్టాడు. మళ్లీ చూపించారు.

గుమ్మం దగ్గర ఏడుకొండలు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకి అతుక్కుని నిలబడ్డాడు. పరిశుద్ధరావు భుజం మీద చెయ్యి వెయ్యబోతే పక్కకి జరిగాడు.

"తాకమాక బాబాయ్. తాకితే నేను యాప్ తెరవాలి. తెరిస్తే నీతో మాట్లాడకూడదు."

"నీకేమైందిరా?"

"నేనిప్పుడు లింకుని. ఆర్డరిచ్చారు. అటెండర్లూ స్వీపర్లూ కూడా లింకులే. రోజుకి ఒక్కొక్కళ్లం ఇన్నిసార్లు తెరుచుకోవాలని టార్గెట్టు కూడా ఉంది. ఇందాక మా ఆవిడ ఫోన్ చేసి పాలు తెమ్మంటే, అలవాటులో ఆవిడకీ సన్నాయి వినిపించా."

"నా గడి సంగతి ఎవరితో మాట్లాడాలో చెప్పరా."

"మాట్లాడేవాళ్లు లేరు బాబాయ్. అందరం తెరుచుకునేవాళ్లమే."

ఇంటికెళ్లాక సువార్త ఫోను అందుకుంది. "నువ్వు వేలితో పొడిచినట్టు నొక్కుతావు. ఇలా తియ్యి" అని మెత్తగా నొక్కింది. దణ్ణం. కుడిచేత్తో నొక్కింది, ఎడమచేత్తో నొక్కింది. గురువారం పొద్దంతా బండి దగ్గర ఇద్దరూ వంతులేసుకుని నొక్కారు. ఒకరు పొట్లం కడుతుంటే ఇంకొకరు నొక్కడం. ఎప్పుడో ఒకసారి పొరపాటునైనా ఆ పాత పేజీ రాకపోతుందా అని ఆశ. నొక్కీ నొక్కీ ఆమెకి విసుగెత్తింది.

"దేవుణ్ణి ఇన్నిసార్లు పిలిస్తే ఈపాటికి పలికేవాడయ్యా."

"దేవుడికి ర్యాంకులు లేవు కాబట్టి పలుకుతాడు."

అటువైపు తెల్లగీతల పక్కన కిశోర్ మోటారుసైకిల్ ఆపి, టేపు పట్టి గడి కొలుచుకుంటున్నాడు. పరిశుద్ధరావుని చూసి నవ్వాడు. "బాబాయ్, రేపు నీ పిడత తీసేటప్పుడు బూడిద ఊడ్చిపో. మావి తెల్ల టేబుళ్లు."

"ముందు గడి రానియ్యి నాయనా. రాకముందే ముగ్గేసుకోకు."

శుక్రవారం మధ్యాహ్నం ఒక జీపు వచ్చి బండి ముందు ఆగింది. పరిశుద్ధరావు ముందు పిడత పట్టుకున్నాడు, లారీ అనుకుని. దిగినవాడు ఏడుకొండలు, చేతిలో పూలదండ.

"పద బాబాయ్, నీకు సన్మానం."

"నాకెందుకురా?"

"ఊరు మొత్తం మీద యాప్‌ని ఎక్కువసార్లు తెరిచింది నువ్వేనంట. రెండోవాడు నీ దరిదాపుల్లో లేడు. ఉత్తమ పౌరుడివి నువ్వే. సారు స్వయంగా శాలువా కప్పుతారు."

పరిశుద్ధరావుకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. సువార్తే అంది, "వెళ్లయ్యా. ఇన్నాళ్లూ ఫొటోలో కనబడ్డాడు, ఇవాళ మనిషి కనబడతాడు. చెవి ఉంటుంది గదా, అందులో వెయ్యి."

టౌనుహాల్లో వేదిక మీద అతన్ని కమిషనరు గారి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. చొక్కా మీద కారం మరకలు, మెడలో బంతిపూల దండ. ఎదురుగా గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. కమిషనరు గారు మైకు పట్టుకున్నారు.

"ఈ సామాన్యుణ్ణి చూడండి. పెద్ద చదువులు లేవు, పెద్ద ఫోను లేదు. అయినా ఈ పరిపాలన మీద ఈయనకున్న అనురాగం ఎలాంటిది? పొద్దున తెరిచాడు, మధ్యాహ్నం తెరిచాడు, వ్యాపారం మానుకుని తెరిచాడు. ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య ఇంతటి స్పర్శానుబంధం చరిత్రలో ఉందా?"

చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. మైకు పరిశుద్ధరావు చేతికిచ్చారు.

"అయ్యా," అన్నాడు, "నేను తెరిచింది ప్రేమతో కాదండి. నా గడికి ఒప్పుకుంటున్నానని చెప్పుకోవడానికి. ఐదు గంటల దాకే టైము. లింకు నొక్కితే తమరొస్తున్నారు. తమరే ఇక్కడ ఉన్నారు గదా, నోటితో చెప్తున్నాను. నాకు ఒప్పుదలే. ఇంతమంది సాక్షులు."

కమిషనరు గారు చిరునవ్వు చెదరకుండా ఆచారి గారికేసి చూశారు. ఆచారి గారు లేచి నిలబడ్డారు.

"నోటి అంగీకారానికి నిబంధనల్లో వీలు లేదండి. లింకు ద్వారానే తెలుపవలెను."

"తెలపమనండి, ఇంకా సమయముందిగా," అన్నారు కమిషనరు గారు ఉదారంగా. "అందరికీ కనబడేలా పెద్ద తెర మీద తెలపమనండి."

నిశాంత్ వచ్చి పరిశుద్ధరావు ఫోనుని పెద్ద తెరకి కలిపాడు. పరిశుద్ధరావు లింకు నొక్కాడు. హాలు దద్దరిల్లేలా సన్నాయి మోగింది. తెర నిండా నిలువెత్తు కమిషనరు గారు దణ్ణం పెట్టారు. తెర కింద కూర్చున్న అసలు కమిషనరు గారి కళ్లు చెమర్చాయి. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేసరికి గడియారం ఐదు దాటింది.

ఆచారి గారు ఫైలు విప్పారు. "గడువు ముగిసినందున, అంగీకారం అందనందున, సదరు గడి తదుపరి అర్జీదారు కిశోర్ గారికి దఖలు పడినది. వారి అంగీకారం ముందుగానే అందియున్నది."

"ఎట్లా అందిందండీ?" అన్నాడు పరిశుద్ధరావు. మైకు ఇంకా అతని చేతిలోనే ఉంది. "వారికి లింకు తెరుచుకుందా?"

"వారు లింకు తాకలేదు. కౌన్సిలర్ గారింట్లో కాఫీ తాగుతూ కాగితం మీద సంతకం చేసి ఇచ్చారు."

"మంగళవారం నేను కాగితం అడిగితే నిషేధమన్నారే."

"పౌరులకి నిషేధమన్నానయ్యా," అన్నారు ఆచారి గారు, చిన్నపిల్లాడికి ఎక్కం చెబుతున్నంత ఓపికగా. "వారు పౌరులా? కౌన్సిలర్ గారి బామ్మర్ది."

పరిశుద్ధరావు మైకుని కుర్చీలో పెట్టి, దండ తీసి దాని మీద వేసి, మెట్లు దిగాడు. శాలువా మాత్రం తీసుకుపోయాడు. మంచి మందంగా ఉంది. నిప్పుల పిడతని దించడానికి పనికొస్తుంది.

సోమవారానికి పాత మూల మీద తెల్ల టేబుళ్లు వెలిశాయి. మస్తాన్‌బీ మొదటిరోజే ఒక మోమో తిని, "పిండి లోపల పచ్చిగుందన్నా" అని కబురు పంపింది. పరిశుద్ధరావుకి ఆ కబురు కొంచెం ఊరట ఇచ్చింది గానీ కడుపు నింపలేదు. చూసి చూసి బండిని తోసుకెళ్లి మున్సిపల్ ఆఫీసు గేటు ముందే పెట్టాడు. లోపలికి జనం రావడం మానేశారు. తట్టితే సన్నాయి వినబడే చోటికి ఎవరొస్తారు? సిబ్బందికి పని లేదు. పని లేనివాడికి ఆకలి ఎక్కువ. నాలుగు కాకముందే గుమాస్తాలందరూ గేటు దగ్గర మూగేవాళ్లు.

మూడోరోజున శానిటరీ ఇన్‌స్పెక్టరు సుదర్శనం గారు లాఠీలాంటి పెన్ను ఊపుకుంటూ వచ్చారు.

"ఏందయ్యా ఇది? ఆఫీసు మొహాన బండి పెడతావా? తీసెయ్."

"తీయకపోతే లారీ తెస్తారుగా. తెచ్చుకోండి."

"తెస్తాను. కానీ ఇదివరకట్లా కాదు, గళ్లు ఇచ్చాక కొత్త రూలొచ్చింది, ముందు నీకు నోటీసు ఇవ్వాలి. నువ్వు చదివానని ఒప్పుకోవాలి. ఆ తర్వాతే లారీ. రూలంటే రూలే. పంపించా చూడు, నీ ఫోనుకి లింకు వచ్చుంటది. నొక్కు."

పరిశుద్ధరావు చేతికి కారం ఉన్నా ఈసారి ఆలస్యం చెయ్యలేదు. వెంటనే నొక్కాడు.

"నొక్కానండి."

"చదివావా?"

"సారు దణ్ణం పెడుతున్నారండి. చదవడానికేమీ లేదు."

సుదర్శనం గారు ఫోను లాక్కుని చూశారు. తానే నొక్కారు. సన్నాయి మోగింది. ఆయన మొహంలో మెల్లగా ఏదో తెల్లారింది.

"పోనీ కాగితం మీద ఇచ్చెయ్యండి నోటీసు," అన్నాడు పరిశుద్ధరావు సాయం చేస్తున్నట్టు.

"కాగితం నిషేధం గదయ్యా పౌరులకి. అందులో నువ్వు ఉత్తమ పౌరుడివి." సుదర్శనం గారు ఆఫీసుకేసి చూశారు, లారీ షెడ్డుకేసి చూశారు, చివరికి పిడతకేసి చూశారు. "రేపు మళ్లీ పంపిస్తా. బుద్ధిగా నొక్కు."

"పంపండి. నేనెప్పుడైనా నొక్కనన్నానా?"

"సరే, ఈలోగా ఒక పొట్లం కట్టు. ఉల్లిపాయ బాగా వెయ్యి."

ఆ రోజు నుంచి నోటీసు రోజూ వస్తోంది. పరిశుద్ధరావు రోజూ నొక్కుతున్నాడు. ఫోనుని బండి అంచున నిలబెట్టాడు. టార్గెట్టు పూర్తికాని గుమాస్తాలు పొట్లం కట్టేలోగా ఆ నోటీసుని తలో నాలుగుసార్లు నొక్కిపోతున్నారు. కనకవల్లి గారు వస్తే ఆచారి గారు అటు తిరిగి తింటారు, ఆయన వస్తే ఆమె ఇటు తిరిగి తింటారు. నెలాఖరుకి చిలకలగట్టుకి రాష్ట్రంలో మొదటి ర్యాంకు వచ్చింది.

ఆ సంతోషంలో కమిషనరు గారు స్వయంగా గేటు దాకా నడిచి వచ్చారు. బండి అంచున ఉన్న ఫోనుని చూపుడువేలితో సుతారంగా తాకారు. సన్నాయి మోగింది. లోపలి కమిషనరు గారు దణ్ణం పెట్టారు. బయటి కమిషనరు గారు తన్మయత్వంతో తిరిగి దణ్ణం పెట్టారు. ఇద్దరిలో ఎవరూ ముందు చెయ్యి దించలేదు.

కాసేపటికి బయటి ఆయనకే ఆకలేసింది. "నాకూ ఒక పొట్లం కట్టవయ్యా," అన్నారు. "కారం కాస్త తక్కువ వెయ్యి."

పరిశుద్ధరావు ఫొటోలో ఆయన్నీ ఎదురుగా ఆయన్నీ మార్చి మార్చి చూసి, కారం గుప్పెటకి పట్టినంత వేశాడు.